ఎడమ తలుపు

మేం అమెరికాలోని మోరిస్‌విల్‌లో ఉన్నప్పుడు మావారు ఇంగ్లండ్ నుంచి వచ్చిన పాత జాగ్వార్ కారు కొన్నారు. అమెరికా కార్లకు ఎడమవైపు ఉండే స్టీరింగ్, దానికి మన దేశంలోలా కుడివైపు ఉండేది. "డ్రైవింగంటే ఇదేనోయ్!" అని మురిసిపోయేవారు. నేనెప్పుడూ ఆయనకు ఎడమపక్కన కూర్చునేదాన్ని.

2011లో ఆయన గుండెపోటుతో పోయారు. కారు అమ్మేశాం. కొన్నాళ్లకు పక్కింటి శారద కూరగాయల షాపుకి తీసుకెళ్తానంటే, అలవాటుగా ఆమె కారు ఎడమ తలుపు తీసి కూర్చున్నాను. ఎదురుగా స్టీరింగ్!

"ఆంటీ, డ్రైవ్ చేసేది నేను" అంటూ శారద నవ్వింది.

నాకూ నవ్వొచ్చింది. ఆయనా నవ్వుతున్నారేమోనని కుడివైపు తిరిగాను. ఆ సీటు ఖాళీగా ఉంది. కర్మలు జరిగినన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఇప్పటికీ ఏ కారెక్కబోయినా ముందు ఎడమ తలుపు దగ్గరికే వెళ్తాను. ఆయన పక్కన నా చోటు అదే కదా!