తలుపుల మేస్త్రి చేసిన పడవ

ముప్పై ఏళ్ళకు పైగా ఏలూరులో తలుపులు, కిటికీలు, మంచాలు చేశాను. రెడీమేడ్ తలుపులు వచ్చాక దుకాణం మూసేసి, పనిముట్లు ఇంటికి తెచ్చుకుని, పెరట్లో రేకుల షెడ్డు కింద చిన్నచిన్న మరమ్మతులు చేసుకుంటున్నాను. నిరుడు వేసవికి ముందు ఒక పెద్దావిడ వెతుక్కుంటూ వచ్చింది. ఆమెది కొల్లేటి లంక ఊరు. ఎప్పుడో నేను ఆమె ఇంటికి చేసిన వీధి తలుపు రెండుసార్లు వరదలో నానినా బిగుసుకోలేదట.

"సాయిబుగారూ, నాకో చిన్న పడవ చేసిపెట్టాలండీ" అంది.

నాకు నవ్వొచ్చింది. "నేను పడవెక్కిందే లేదండీ అక్కగారూ!"

"ఎక్కేది నేనండీ. తలుపుని పడుకోబెట్టి చుట్టూ అంచు కడితే పడవే కదండీ."

ఆమెకు తాటిమొద్దు తొలిచిన దోనె ఉంది. మోకాళ్ళ నొప్పులతో అందులో నిలదొక్కుకోలేకపోతోంది. కొడుకు చేపల చెరువుల పనికి వెళ్తాడు. ఇక ఇంటిపట్టున ఉండమని అమ్మను పోరుతున్నాడు. "పొద్దున్నే నీళ్ళ మీదకెళ్ళకపోతే నాకు అన్నం సయించదండీ" అందామె. పని లేని పొద్దు ఎలా ఉంటుందో నాకూ తెలుసు. సరేనన్నాను.

కామవరపుకోట వైపు నుంచి మద్ది చెక్క తెప్పించాను. అడుగు బల్లలు తేలిగ్గానే కుదిరాయి. పక్క బల్లల దగ్గర వచ్చింది చిక్కు. జీవితమంతా చెక్క వంకర తీసినవాణ్ణి, ఇప్పుడు కావాలని వంచాలి. తడి గోనెసంచులు కప్పి, కింద పొట్టు నిప్పు పెట్టి, మెల్లగా బిగిస్తూ వచ్చాను. ఫట్‌మని విరిగింది. వారానికోసారి బస్సెక్కి పని చూడ్డానికి వచ్చే పెద్దావిడ ఆ ముక్కను చేత్తో తడిమి, "తొందరపడ్డారండీ. రెండ్రోజులు నీళ్ళలో నాననివ్వండి, అదే మాట వింటుంది" అంది. నానబెట్టాను. వింది.

బల్లల మధ్య సందులు దూదితో మూసి తారు పూయాలి. నా చేతిలో దూది ఉండలు కట్టేది. మూడు రోజులు చూసి చూసి నా భార్య బయటికొచ్చింది. వాళ్ళ నాన్న దూదేకి పరుపులు కుట్టేవాడు.

"ఏవండీ, ఇలా తెండి. దూదిని అలా నలుపుతారా ఎవరైనా?"

అరుగు మీద కూర్చుని దూది విడదీసి, సన్నగా, సమంగా తాడులా పేనింది. పెళ్ళయి ముప్పైనాలుగేళ్ళయినా ఆమెకు ఈ పని వచ్చని నాకు తెలియదు. "మీరు ఎప్పుడైనా అడిగారా?" అంది. ఆ మధ్యాహ్నమంతా ఆమె పేనుతూ, నేను ఉలి మొండివైపుతో కూరుతూ, వాళ్ళ పుట్టింటి కబుర్లు చెప్పుకున్నాం.

తారు ఆరాక, పడవ నిండా నీళ్ళు పోయమంది పెద్దావిడ. గోడ మీంచి చూస్తున్న పక్కింటాయన, "అదేంటండీ, పడవని నీళ్ళలో పెట్టాలి గానీ!" అన్నాడు. నీళ్ళు రెండుచోట్ల చెమర్చాయి. నా భార్య అక్కడ మళ్ళీ దూది దట్టించింది. మర్నాటికి అడుగున నేల పొడిగా ఉంది. పెద్దావిడ ఆ నేల తడిమి చూసి, నా భార్య బుగ్గలు పుణికింది.

నా భార్యా నేనూ పడవని ట్రాలీ ఆటోలో కొల్లేటికి తీసుకెళ్ళాం. పెద్దావిడ కొడుకూ నేనూ నీళ్ళలోకి తోశాం. పడవ ఒకసారి ఊగి నిలబడింది. పెద్దావిడ ఎక్కి పీట మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, గెడ వేసి రెండు చుట్లు తిప్పింది. ఇంట్లో ఉండమని పోరిన కొడుకు గట్టు మీద చప్పట్లు కొట్టాడు.

"రండి సాయిబుగారూ, రామ్మా!"

నాకు ఈత రాదు. నేను తటపటాయిస్తుంటే నా భార్య చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఎక్కేసింది. నేనూ ఎక్కక తప్పలేదు. నీళ్ళ మీద అల్లుకున్న తూటాకు పక్కనుంచి వెళ్తుంటే కొంగలు లేచాయి. పెద్దావిడ గెడ నా భార్య చేతికిచ్చింది. పడవ ముందుకు పోకుండా ఉన్నచోటే గిరగిరా తిరిగింది. నేను రెండు చేతులా అంచు పట్టుకుని కేకలు పెడుతుంటే ఆడవాళ్ళిద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

గట్టుకి చేరాక నా భార్య దిగనంది. "ఇంకొక్కసారండీ" అని బతిమాలింది.