అంకుల్ పత్రికకు రాసిన ప్రశ్న

నేను పుట్టకముందే నన్ను టీవీలో చూశానన్న మనిషి ఒకరుండేవారు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మొన్న ఆఫీస్‌లో లంచ్ తింటూ ఒక బ్రిటిష్ పత్రిక చరిత్ర చదవకపోతే ఇప్పుడూ చెప్పేదాన్ని కాదు. కొద్దిమందే పిచ్చిగా ప్రేమించే పాత టీవీ సీరియళ్ల కోసం పుట్టిన పత్రిక అది. మొదట్లో నలుగురు అభిమానులు వంటింటి బల్ల మీద కాగితాలు మడిచి, పిన్నులు కొట్టి పోస్టులో పంపేవారట. తర్వాత రంగుల అట్ట వేసుకుని దుకాణాలకెక్కింది. ఇంటర్నెట్ వచ్చాక చిక్కి సగమై ఆగిపోయింది. ఆ సంచికలన్నీ అమెరికాలోని మా ఊరు నోవైలో, మా పక్క వీధి అంకుల్ ఇంటి కింది బేస్‌మెంట్‌లో ఉండేవని వ్యాసం రాసినవారికి తెలిసే అవకాశం లేదు.

అంకుల్ రిటైరైన డాక్టరు. అమెరికా రాకముందు ఇంగ్లండ్‌లో పనిచేశారు. "నా మోకాళ్ల నొప్పులు పట్టవు గానీ, పుస్తకాలకి చెమ్మ తగులుతుందని డీహ్యూమిడిఫయర్ కొన్నారమ్మా," అని ఆంటీ మా అమ్మతో అనేది. "నీకు నోరుంది, అడుగుతావు. వాటికి లేదుగా," అనేవారాయన.

అసలు ఆయన పత్రిక తెప్పించుకున్నది ఒక శీర్షిక కోసం. ఎప్పుడో చూసిన సీన్ గురించి పాఠకులు రాస్తే, అది ఏ సీరియల్లోదో తెలిసినవాళ్లు జవాబిచ్చేవారు. ఎంత మసకబారిన జ్ఞాపకానికైనా జవాబు దొరికేది, అంకుల్ ప్రశ్నకు తప్ప. ఆసుపత్రి క్వార్టర్స్‌లో, నలుపు తెలుపు టీవీలో ఆయన ఒంటరిగా చూసింది ఇది: జడ వేసుకున్న మనవాళ్ల అమ్మాయి మెట్ల మధ్యలో కూర్చుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని రాసుకుంటోంది. పైనుంచి ఎవరో పిలుస్తారు. ఆమె అటు చూడదు. తెరలోంచి నేరుగా ఆయన వైపు చూస్తుంది. అప్పట్లో బ్రిటిష్ టీవీలో మన పిల్ల ఎక్కడిదని అందరూ నవ్వేవారు. "అది నిజమో, నా బుర్ర కల్పించిందో తేలితే చాలు," అనేవారు అంకుల్.

నేను హైస్కూల్లో ఉండగా, ఒక శనివారం మధ్యాహ్నం వాళ్లింట్లో తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్. జనమంటే నాకు బెరుకు. డైరీ తీసుకుని బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చున్నాను. కింద అంకుల్ సంచికలు సర్దుకుంటున్నారు.

"ఏయ్, అక్కడేం చేస్తున్నావే? పైకి రా, అందరూ అడుగుతున్నారు!" పైనుంచి అమ్మ.

నేను పైకి చూడలేదు. కింద కాగితాల చప్పుడు హఠాత్తుగా ఆగిపోయింది. అందుకని అంకుల్ వైపు చూశాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇదే," అన్నారు. "ఆ గళ్ల స్వెటర్ కూడా."

"అంకుల్, ఆర్ యూ ఓకే?" అన్నాను. అంతలో ఇది ఆయన టీవీలో చూసిన సీనని నాకే అర్థమై అడిగాను. "తర్వాత ఏమవుతుంది?"

"గుర్తులేదమ్మా," అన్నారు, ఎటో చూస్తూ.

ఆ వారమే ప్రశ్నను వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు రాశారు. ఆఖరి సంచిక వస్తే కవరు కూడా చించలేదు. నేను మాత్రం కనిపించినప్పుడల్లా తర్వాత ఏమవుతుందని అడిగేదాన్ని. అంత సిగ్గరి పిల్లకి ఆ ఒక్క విషయంలో ధైర్యం ఎక్కడినుంచి వచ్చేదో! ఆయన మాట మార్చి చలి గురించి మాట్లాడేవారు.

చలి పడక వాళ్లు ఆరిజోనాకు మారిపోయారు. ఆయన అక్కడే పోయారు. జరిగిపోయింది వెనక, జరగాల్సింది ముందు ఉంటాయని అందరూ ఎంత నిశ్చింతగా నమ్ముతారో! వాళ్లు ఆరిజోనాకు వెళ్లే రోజు, మంచులో కారు దగ్గర నిలబడి మళ్లీ అడిగాను. ఆంటీ సీట్ బెల్ట్‌తో కుస్తీ పడుతుంటే, అంకుల్ అద్దం దించి నెమ్మదిగా అన్నారు.

"గుర్తులేదని అబద్ధం చెప్పాను తల్లీ. నువ్వు మెట్ల మీద కూర్చోవడం మానెయ్."