మీదికొచ్చెటోని వీపు

గోవిందమ్మ ఎదురొస్తుంటే మా ఊరి సర్పంచు సందు మారి పోతాడు. ఆమె నోరు అలాంటిది. కొత్తకోట దాటాక హైవే దిగితే వచ్చే ఊరు మాది. పత్తి ఏరడానికి, వేరుశనగ పీకడానికి ఆడకూలీలను కూడగట్టుకొని పోయే మనిషి ఆమె. కూలి దగ్గర మాట మార్చిన ఆసామిని చేను గట్టు మీదే నిలబెట్టి కడిగి పారేసేది. మొగుడు పోయాక ఒక్కగానొక్క కొడుకు విజేందర్‌ను ఆ నోటితోనే కాచుకొచ్చింది. వాడు మాత్రం నోట్లో నాలుక లేనివాడు. "వీని మాటలు గూడ నేనే మాట్లాడవడితి" అని ఆమే నవ్వేది.

విజేందర్ ఒక పాత ట్రాలీ ఆటో కొన్నాడు. తెల్లది. దానికి హ్యాండ్‌బ్రేకు పనిచేయదు. బాగు చేయిస్తా, చేయిస్తా అంటూనే రోజులు గడిపాడు. ఎక్కడ ఆపినా చటుక్కున దూకడం, సీటు కింది రాయి తీయడం, ఉరికిపోయి వెనక టైరుకు అడ్డం పెట్టడం. "బండికి బ్రేకు ఎందుకురా, నువ్వున్నవు గద" అని ఊరంతా ఎగతాళి చేసేది. వాడు నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఏడాది పత్తి తీతలు మొదలైన రోజుల్లో, ఇద్దరు ఉగ్రవాదులు తెల్ల ట్రాలీ ఆటోలో బెంగళూరు దిక్కు నుంచి వస్తున్నారని పోలీసులకు కబురు అందింది. హైవే మీద అడ్డుకట్టలు పెట్టారు. పొద్దున్నే వేరుశనగ బస్తాలతో మార్కెట్‌కు పోతున్న విజేందర్‌ను ఆపారు. అక్కడ రోడ్డు ఎత్తుకు ఎక్కుతుంది. ఆపితే బండి వెనక్కి జారుతుంది. వాడు అలవాటు కొద్దీ దూకాడు, రాయి తీశాడు, వెనక టైరు దగ్గరికి ఉరికి వంగాడు. ఎస్సై కాల్చాడు.

బస్తాలు విప్పి చూస్తే వేరుశనగే. తప్పు జరిగిందని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. తప్పైందని ఒక్క మాట అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? అనలేదు. ఆ రాయినే పట్టుకొని, "రాయితో మా మీదికి దాడికి వచ్చాడు, ప్రాణరక్షణకు కాల్చాం" అని చెప్పారు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు. టీవీలో ఆ పూటంతా మావాడు ఉగ్రవాదుల మనిషి.

శవాన్ని ఊళ్లోకి తెచ్చి పోలీసులు తొందర పెట్టారు. కట్టెలు కూడా తామే తెప్పించారు, చీకటి పడకముందే దహనం చేసేయమన్నారు.

"మా ఇండ్లల్ల కాలవెట్టరు, పూడ్సిపెడ్తరు" అంది గోవిందమ్మ. "తానం పొయ్యకుంట సాగనంపేది లేదు. పక్కకు జరుగుండ్రి."

చాపలు అడ్డం కట్టి, కొడుక్కి ఆమే స్నానం పోసింది. బోర్లా తిప్పి వీపు మీద నీళ్లు పోస్తుంటే ఎడమ రెక్క దగ్గర చెయ్యి ఆగింది. వేలు పట్టేంత రంధ్రం. దాడికి వచ్చినవాడికి వీపులో గుండు ఎలా దిగుతుంది? చాపల అవతలికి వచ్చి గొంతు పగిలేలా అడిగింది. పోలీసులు చీకటి పడేలోపే పూడ్చిపెట్టించారు. పోలీసుల కాగితాల్లో మాత్రం ఛాతీ మీద గాయమనే ఉంది.

పై నుంచి విచారణ ఆర్డీవోకు వచ్చింది. ఆయన చెడ్డవాడేమీ కాదు, ఓపికగానే విన్నాడు. "అమ్మా, నువ్వు తల్లివి. నీ ఒక్క మాట మీద నేనెట్ల తేలుస్త? గోరీ తవ్వి చూసేతందుకు మీరు ఒప్పుకుంటే డాక్టర్‌ను పిలిపిస్త" అన్నాడు.

అసలు పోరు అప్పుడు ఇంట్లో మొదలైంది. ఆమె మరిది ఎల్లయ్య మా కులపెద్ద. అప్పటికే ఠాణా వాళ్లు ఆయన చెవిలో ఒక మాట ఊదారు: గొడవ ఆపితే విజేందర్ భార్య తిరుమలకు హాస్టల్లో వంటపని ఇప్పిస్తామని.

"వదినె, పండవెట్టినోన్ని లేపుతే ఇంటికి కీడు" అన్నాడు ఎల్లయ్య. "పోయినోడు ఎట్లైన రాడు. గీ పిల్లకు ఇంత బతుకుదెరువు దొరుకుతాంది. జర ఆలోచన జెయ్యి."

గోవిందమ్మ కోడలి వైపు చూసింది. తిరుమల ఒళ్లో పసిపిల్ల నిద్రపోతోంది. "నువ్వేమంటవు బిడ్డా?"

"ఆయిన్ని మల్ల బయటికి దీసుడు నాతోని కాదు అత్తమ్మా."

అంత నోరున్న మనిషి తల దించుకొని కొంగు ముడి విప్పుతూ, కడుతూ కూర్చుంది. ఆమెను అలా చూడటం నాకు అదే మొదటిసారి. చూడలేకపోయాను. తర్వాత మెల్లగా అంది. "నువ్వు రాకు, నేను జూస్త. రేపు గీ పిల్ల బడికి వోతే, పోలీసోళ్ల మీదికి రాయెత్తినోని బిడ్డ అంటరు. గది ఇనగల్గుతవా?"

తిరుమల ఏడ్చింది. ఏడ్చి, పొద్దున్నే వచ్చి ఆర్డీవో కాగితం మీద సంతకం పెట్టింది. ఎల్లయ్య ఆ ఇంటి గడప తొక్కడం మానేశాడు.

గోరీ తవ్వే రోజు ఊరి బయట జీపులే జీపులు. ఆ ఎస్సై కూడా వచ్చాడు. రావచ్చా, రాకూడదా అని అడిగే దమ్ము మాలో ఎవరికీ లేదు. మా దగ్గర ఆడవాళ్లు బొందలగడ్డకు రారు. ఒక కానిస్టేబుల్ గోవిందమ్మకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మన్నేసినప్పుడు నన్ను రానియ్యలే. తీసేటప్పుడన్న ఉంటా" అని ఆ చెయ్యి తోసేసి గుంత అంచున కూర్చుంది. పార పడుతున్నకొద్దీ మేమంతా ముక్కులకు తువ్వాళ్లు అడ్డం పెట్టుకున్నాం. ఆమె పెట్టుకోలేదు. గుండు వీపులోంచే పోయిందని తేలకపోతే? కొడుకును అనవసరంగా లేపిన తల్లి అని ఊరు ఆమెను బతికినన్నాళ్లూ పొడిచేది. ఆ భయంతోనే ఆమె పార మీంచి కన్ను తిప్పలేదు.

డాక్టర్ చాలాసేపు గుంతలోనే ఉన్నాడు. చివరికి రెక్క ఎముకను వెలుగుకు తిప్పి ఆర్డీవోకు చూపించాడు. "గుండు వెనక నుంచే దిగింది సార్. అప్పుడు మనిషి వంగి ఉన్నాడు."

గోవిందమ్మ లేచి నేరుగా ఎస్సై ముందుకు పోయింది. ఈసారి ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు.

"రాయి వట్టుకొని మీదికొచ్చిండంటివి గద సారూ. మీదికొచ్చెటోని వీపు నీకెట్ల కనవడ్డది?"

ఎస్సై ఆర్డీవో వైపు చూశాడు. ఆర్డీవో తన గుమాస్తా వైపు తిరిగి, "ఆమె అడిగింది రాయి. ఆయన ఏం చెప్పలేదని కూడా రాయి" అన్నాడు.

ఎస్సై కొలువు నుంచి సస్పెండయ్యాడు, కేసు కోర్టుకెక్కింది. వంటపని మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు, తిరుమల అత్తతో పత్తికే పోతోంది. కేసు ఏళ్లుగా సాగుతోంది. ఏ వాయిదానూ గోవిందమ్మ వదలదు, పోయి ఆ ఎస్సై వెనక బల్ల మీదే కూర్చుంటుంది. నేనూ అప్పుడప్పుడు తోడు పోతాను. మొన్న వాయిదాకు, ఆమె నీళ్ల సీసా కోసం సంచిలో చెయ్యి పెట్టింది. సంచి చప్పుడుకు ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

ఆమె సంచి కింద పెట్టి రెండు చేతులూ చాపి చూపించింది.

"ఉత్త చేతులే సారూ. బుగులువడకు."