మస్కట్ వెళ్లని పన్నెండు గుర్రాలు

మా అండాలమ్మ గుర్రమెక్కి మూడుసార్లు భూమి చుట్టి వచ్చింది, అదీ ఎల్బీనగర్ దాటకుండా. నమ్మకపోతే లెక్క వేసుకోండి. పదహారేళ్లపాటు రోజూ పొద్దున్నే, గేటు తెరవకముందే, మా ఆనందలోకం పార్కులో రంగులరాట్నం మీది పన్నెండు గుర్రాల్నీ ఒక్కొక్కటిగా ఎక్కి పదేసి చుట్లు తిరిగింది. లెక్క వేసింది నేనే. ఇంటర్ రెండుసార్లు మధ్యలో వదిలేసిన వాణ్ని కాబట్టి లెక్కలు నాకు రెట్టింపు వచ్చు.

ఆమె తిరిగేది సరదాకు కాదు, వంక పెట్టడానికి. కిందికి దిగి ఒక వంక చెబితే గాని టీ గొంతు దిగేది కాదు. "మూడోది కిర్రుమంటుంది." "అయిదోదాని చెవు మీద రంగు పొక్కింది." దేవుడు ప్రత్యక్షమై స్వర్గం చూపించినా, "మంచిగనే ఉంది గాని, ఆ మూలకు జర సున్నమెయ్యాలె" అని పంపించే మనిషి.

పార్కులో నేల ఆమెది. నల్గొండ నుంచి వచ్చిన కొత్తలో, మీర్‌పేట్ దారిలో తుమ్మచెట్లు తప్ప పలకరించే దిక్కులేని రోజుల్లో ఆమె భర్త కొన్న జాగా. యంత్రాలు మల్లికార్జునరావుగారివి. రాట్నాన్నీ, కొలంబస్ ఊయలనీ, పిల్లల రైలునీ తెనాలి నుంచి లారీలకెత్తుకొచ్చి దించారాయన. గుర్రాలు ఆయన సొంతంగా చెక్కినవే. మీట నొక్కి రాట్నం తిప్పేవాణ్ని నేను, మహిపాల్‌ని. కరెంటు పోతే చిటికెనవేలితో తిప్పేవాణ్ని.

రెండువేల పదకొండు మొదట్లో, ప్రత్యేక రాష్ట్రం ఉద్యమం మంచి కాక మీదుండగా, దిల్‌సుఖ్‌నగర్ నుంచి చక్రపాణి అనే ఏజెంటు రంగుల బొమ్మల పుస్తకం పట్టుకొచ్చాడు. మస్కట్‌లో పెద్ద మాల్ పక్కన జాగా సిద్ధంగా ఉందట.

"పెద్ద కంపెనీలన్నీ సముద్రాలు దాటుతున్నాయి సార్. ఉన్నచోటే ఉంటే ఉన్నట్టే ఉంటాం. మీ రాట్నం తిరగాల్సింది మస్కట్‌లో."

అండాలమ్మ పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసింది. "మన ఆడోళ్ల బాత్రూం తలుపుకు గొళ్లెం లేదు. ముందుగాల ఆ గొళ్లెం పెట్టియ్యి. ఎనుక సముద్రం సంగతి చూద్దాం."

"అది చిన్న సంగతి కదమ్మా."

"పోరగాండ్లను ఎత్తుకొని వచ్చిన తల్లులనడుగు, చిన్నదో పెద్దదో."

రావుగారు తల వంచుకుని కూర్చున్నారు. ఆయన అసలు బాధ వ్యాపారం పెంచుకోవడం గురించి కాదు. "రేపు రాష్ట్రం వస్తే మమ్మల్ని ఉండనిస్తారో లేదో అండాలమ్మగారూ. పొమ్మనిపించుకోక ముందే పోవడం మర్యాద. ఈ భాగస్వామ్యం రద్దు కాగితం మీద సంతకం చేయండి. యంత్రాలు తీసుకుని వెళ్లిపోతాను."

యంత్రాలు పోతే ఆనందలోకంలో మిగిలేది గేటూ, నేనూ. పైగా అండాలమ్మ ఉద్యమంలో ముందువరస మనిషి. రాస్తారోకోలో కూర్చుంటే, లేపడానికొచ్చిన ఇన్‌స్పెక్టరుకే బెల్టు వంకరగా పెట్టుకున్నావని వంక పెట్టి వెనక్కి పంపింది. ఆమె ఉద్యమంలో ఉందని చూసే చక్రపాణి ధైర్యం చేశాడు.

"విడిపోవాలని మీరే రోడ్డెక్కుతున్నారు కదమ్మా. ఇక్కడ మాత్రం అభ్యంతరమేముంది?"

"రాష్ట్రానికి, రాట్నానికి ఏం సంబంధమయ్యా? మేం కొట్లాడేది నీళ్లకు, కొలువులకు. రావుసారు దినాం తాగేది రెండు గ్లాసులే." ఆమె కాగితం మడిచి రొంటిన దోపుకుంది. "సంతకం పెట్టనంటలేను. కాని పోయే సామాను మంచిగ పోవాలె. ఎల్బీనగర్ నుంచి పొట్టు లేసిన గుర్రమొచ్చిందని మస్కటోళ్లు మనల్ని తిట్టొద్దు. పన్నెండు గుర్రాలు సక్కగైన దినం సంతకం."

రావుగారు వారం చాలన్నారు. పాపం, పొక్కిన రంగును చూసి వదిలేసి పోవడం ఆయన చేతకాదు. సోమవారం నాలుగోదాని ముక్కుకు రంగు వేస్తే, మంగళవారం ఆరోదాని ముక్కు మీద గీతలు. ఆరోది బాగుచేస్తే తొమ్మిదోది. చక్రపాణి ప్రతి నెలా ఓడ తేదీ చెబుతూ వచ్చాడు, ప్రతి నెలా ఓడ గుర్రాల్లేకుండానే వెళ్లింది. అంత ఎదురుచూసిన ఓడలు సముద్రంలో ఇంకెక్కడా ఉండవు.

జూన్‌లో చౌరస్తాలో వంటావార్పు జరిగింది. ఉద్యమం వాళ్లు జాతీయ రహదారి మీదే పొయ్యిలు పెట్టి వండుకుని అక్కడే తిన్నారు. అండాలమ్మ గంటె తిప్పి తిప్పి, ఒక టిఫిన్ డబ్బా నింపుకుని తిన్నగా రావుగారి దగ్గరికి వచ్చింది.

"ఇది మాకు వ్యతిరేకంగా వండింది కదండీ, నేను తినొచ్చా?" అన్నారాయన.

"మీకు వ్యతిరేకంగ ఎవలు వండలే. నాకు వ్యతిరేకంగనే వండిండ్రు, ఉప్పెయ్యమంటే ఎయ్యలే. ఊరగాయ పెట్టుకొని తినుండ్రి."

ఆయన డబ్బా ఖాళీ చేశారు. ఆ మధ్యాహ్నమే రెండోదాని ముక్కు బాగుచేశారు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచి, గాలి కన్నా కాస్త ముందుగా, ఆరింటికే పార్కు చేరాను. రాట్నం మీద అండాలమ్మ చతికిలబడి కూర్చుంది. చేతిలో కుండపెంకు. ఏడో గుర్రం ముక్కును శ్రద్ధగా గీకుతోంది, చేప పొలుసు తీసినట్టు.

"పెద్దమ్మా!"

ఆమె తల కూడా తిప్పలేదు. "చూసినవు కదా, ఇగ నోరు మూస్కో. బోల్టులు, బేరింగులు నేను ముట్ట. పిల్లలెక్కేటియి. ముక్కులైతే ఎవలకు నొప్పి లేదు." పెంకు నా వైపు చాపింది. "రేపు ఎనిమిదోది నువ్వు గీకు. నా రెక్కలు గుంజుతున్నయి."

ఎనిమిది నెలలుగా మా గుర్రాలకు పట్టిన రోగమేమిటో అప్పుడు తెలిసింది. నా కడుపులో కొండలు దాగుతాయి గాని ముచ్చట్లు దాగవు. పదిగంటలకల్లా రావుగారి చెవిన వేసేశాను. ఆయన రంగు డబ్బా కలుపుతూనే ఉన్నారు.

"తెలుసోయ్. పెంకు గీతకీ, ఎండకు పొక్కిన రంగుకీ తేడా తెలియకపోతే ముప్పై ఏళ్లుగా ఈ పనెందుకు చేస్తున్నట్టు? ఆవిడతో అనకు. రేపు ఎన్నోదో చెప్పు, రంగు కలిపి ఉంచుకుంటాను."

మర్నాడు చక్రపాణి ఆఖరి ఓడ కబురుతో వచ్చాడు. రావుగారు ఎనిమిదోదాని ముక్కు మీద కుంచె ఆడిస్తూ, "ఇంకా బాగవలేదండీ. మీరు వేరే గుర్రాలు చూసుకోండి" అన్నారు. అది నా గీకుడు. అంత లోతుగా ఆమె కూడా గీకలేదని ఆయనే ఒప్పుకున్నారు.

రెండువేల పద్నాలుగు జూన్ రెండున రాష్ట్రం వచ్చింది. వీధంతా డప్పులు, లడ్డూలు. రావుగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి గేటు దగ్గరే ఆగిపోయారు.

"ఏంది సారూ, ఆడనే నిలవడ్డరు? గేటు కిర్రుమంటుందా?"

"లేదండీ. లోపలికి రావచ్చా అని."

"పదహారేండ్ల సంది ఎన్నడన్న అడిగి వచ్చిండ్రా? లోపటికి రాండ్రి. రైలు గంట మోగుతలేదు."

ఆయన లోపలికి వచ్చి, ముందు గంట విప్పారు, తర్వాతే లడ్డూ తీసుకున్నారు. అంతమంది ముందు నా నోరు ఆగలేదు. "ఒక్క మనిషిని ఊళ్లో ఆపడానికి పన్నెండు గుర్రాల ముక్కులు చెక్కేసిన ఘనత మా పెద్దమ్మదే" అని చాటింపు వేసేశాను. రావుగారు గంటలోకి తొంగిచూస్తూ ఉండిపోయారు. అండాలమ్మ చేతికంటిన లడ్డూ పొడి దులుపుకుంది.

"పన్నెండు కాదు, పదకొండే. ఆఖరిదాని ముక్కు మొదటినుంచే వంకర, సారు చెక్కుడే గట్ల."