పండుకు దాణా ఎంచిన రోజు

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, బాన్సువాడలో కుక్కలు ఏం తినాలో కుక్కలే చూసుకునేవి. ఇంట్లో మిగిలింది తినేవి, మిగలకపోతే పక్కింట్లో మిగిలింది తినేవి. కుక్క తిండిని సంచిలో పోసి, సంచి మీద బొమ్మ వేసి అమ్ముతారని ఎవరైనా చెబితే మొహం మీదే నవ్వేదాన్ని. ఇప్పుడు నా మనవరాలు తన కుక్క కోసం తెచ్చిన సంచి వెనకాల ఉన్నదంతా నా చేత చదివిస్తుంది. (అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి, పొదుపు సంఘంలో వేలిముద్ర వేయడం నామోషీ అనిపించి. తప్పులుంటే సర్దుకోండి, సర్దుకోలేకపోతే చదవకండి.) అది చదివినప్పుడల్లా నాకు పండు గుర్తొస్తుంది, నవ్వొస్తుంది.

అప్పుడు నాకు ఇరవై దాటాయేమో. బీర్కూర్ రోడ్డులో రైస్ మిల్లు వాళ్ళింట్లో పనికి కుదిరాను. కాలువ నీళ్ళ కోసం ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. అమ్మగారు, ఆమె భర్త, మామగారు. మామగారిని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. ఆ ఇంట్లో నాకు పని చెప్పని మనిషి లేడు, చుట్టాలు కూడా వచ్చీరాగానే చెప్పేవాళ్ళు. నేను పని చెప్పడానికి ఉన్నది ఒక్క పండు. తెల్లగా దూదిలా ఉండే బొచ్చుకుక్క. "కూసో" అంటే నిలబడేది, "రా" అంటే పోయేది. అయినా సరే, చెప్పుకోవడానికి ఒకటుంది కదా.

పండు ఆవకాయ అన్నానికి మరిగింది. బొచ్చు ఊడటం మొదలైంది. పశువుల డాక్టరు చూసి, కారాలు మాని సంచిలో దొరికే కుక్క దాణా పెట్టమన్నాడు. ఆవకాయ ఆగిపోగానే పండు అన్నమే మానేసింది. రెండు రోజులు పస్తు. హైదరాబాదు నుంచి అమ్మగారి తమ్ముడు చూడటానికి వచ్చి ఉన్నాడు. ఆదివారం పొద్దున్నే పెద్దాయన తేల్చేశాడు. "సాయంత్రం లోపల తిన్నదా, ఉంచండి. లేదంటే మీ తమ్ముడి కారులో పంపించెయ్యమ్మా. కళ్ళ ముందు మాడి చస్తే నేను చూడలేను."

అదీ పోతే ఆ ఇంట్లో నేను పని చెప్పడానికి ఎవరున్నారు? అమ్మగారు నన్ను పిలిచి, "నువ్వైతే బియ్యం నోట్లో వేసుకుని కొత్తవో పాతవో చెప్పేస్తావు కదే. కోళ్ళ దాణా అమ్మే భాయ్ దగ్గరికి కుక్క దాణా మూడు రకాలు వచ్చాయట, నువ్వే చూసి తీసుకురా" అంది. అంత నమ్మకం పెట్టాక నేను ఊరుకుంటానా?

భాయ్ మూడు డబ్బాల మూతలు తీసి పెట్టాడు. నేను మొదటి డబ్బాలో గింజ తీసుకుని అరచేతిలో నలిపాను, వాసన చూశాను, నోట్లో వేసుకుని కొరికాను. భాయ్ చేతిలోంచి తూకం తరాజు జారిపోయింది.

"అరే అక్కా! ఉమ్మెయ్, ఉమ్మెయ్! గది కుక్కల దాణా!"

"తెలుసు భాయ్. రుచి సూడకుంట ఎట్ల కొంట? బియ్యం కొరికి సూస్తలేమా?"

మొదటిది సుద్దముక్క. రెండోది కుళ్ళిన ఎండుచేపల కంపు. ఉమ్మేసి, ఇంత కంపుదీ అమ్ముతారని ఇంట్లో మా అత్తకు చూపించి నవ్వించాలని నాలుగు గింజలు కొంగున ముడేసుకున్నాను. మూడోది కరకరలాడుతూ కాస్త ఉప్పుగా, నిజం చెప్పాలంటే బాగుంది. తవుడు కొనడానికి బిచ్కుంద నుంచి వచ్చిన ఒక రైతు నా మొహం చూసి చెయ్యి చాపాడు. "జర నాకు గూడ ఇయ్యి చెల్లె." నమిలి, కళ్ళు మూసుకుని, "కల్లుల నంజుకుంటే మంచిగుంటది గదా!" అన్నాడు. ఇద్దరం ఒప్పుకున్నాక ఇక ఫికర్ ఏముంది? మూడోదే కట్టించుకున్నాను.

పండు దాన్ని వాసన చూసి మొహం తిప్పుకుంది. పాలల్లో నానబెట్టాను, తిప్పుకుంది. వేడి చేశాను, తిప్పుకుంది. "తినవే తల్లీ, ఎంత మంచిగుందో సూడు" అంటూ నేల మీద బాసింపట్టు వేసుకుని దాని ముందర నేనే పిడికెడు బుక్కాను. సరిగ్గా అప్పుడే పెద్దాయన వాకిట్లోకి వచ్చాడు. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. "అమ్మాయ్," అని కోడలిని కేకేశాడు, "ఈ పిల్లకి మధ్యాహ్నం అన్నం పెట్టారా లేదా?"

సాయంత్రమైంది. కారు గేటు ముందుకొచ్చింది. తమ్ముడు పండును ఎత్తుకుని వెనక సీట్లో కూర్చోబెట్టాడు. నేను దగ్గరికి పోయి, "పోయిరాయే" అన్నాను. నడుములో గట్టిగా దోపుకున్న కొంగు లాగి కళ్ళు తుడుచుకున్నాను. అంతే! పండు కారులోంచి నా మీదికి దూకి, రెండు కాళ్ళతో నన్ను చుట్టుకుని, కొంగు పట్టుకుని వదల్లేదు. "చూశారా మామయ్యగారూ, ఈ పిల్లను వదిలి ఉండలేనంటోంది!" అని అమ్మగారు బావురుమంది. నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. తమ్ముడు కూడా ముక్కు ఎగబీల్చాడు. ఇంతలో పర్రుమని చప్పుడైంది. పండు కొంగు చింపి, ముడి విప్పి, ఆ కంపు గింజలు నాలుగూ కరకర నమిలి, ఇంకా ఉన్నాయేమోనని నా కొంగంతా వెతుకుతోంది.

అందరి ఏడుపూ ఒక్కసారే ఆగింది. పెద్దాయన వంగి, చిరిగిన కొంగు వాసన చూసి మొహం చిట్లించాడు. "ఇదటమ్మా దీనికి కావలసింది!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన అంతలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. తరువాత నా వైపు తిరిగి, "పరుగెత్తు. భాయ్ కొట్టు మూస్తాడు. ఈసారి నువ్వు రుచి చూడకు!" అన్నాడు.

కారు పండు లేకుండానే పోయింది. మర్నాటి నుంచి పండు నా చేత్తో నానబెట్టి పెడితే తప్ప ముట్టలేదు. తెల్లారకముందే గేటు దగ్గర నిలబడి నేను వచ్చేదాకా మొరిగేది. పని చెప్పడానికి ఒకటి ఉంటే చాలని ఏడ్చి ఉంచుకున్నానా, చివరికి అదీ నాకే పని పురమాయించింది. అంట్లకు ఆలస్యంగా పోయి తిట్లు తిన్నాను, బట్టలకు ఆలస్యంగా పోయి తిట్లు తిన్నాను. ఆ కంపు దాణా నానబెట్టడానికి మాత్రం, వానైనా చలైనా, చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తేదాన్ని, అంత పిచ్చి పిల్లను.