తొంభై తప్పిన మూలమట్టం

“మిషను కొనలేనివాడివి, అరవై ఫ్రేముల ఆర్డరెందుకు ఒప్పుకున్నావు బావా?”

అడిగినవాడు బావమరిది. వాడికి వడ్రంగం పని నేర్పింది ఈ బావే. ఇప్పుడు వాడికి కరెంటు రంపం, షాపు మీద బోర్డు, ఇద్దరు పనివాళ్లు ఉన్నారు.  బావ షెడ్డుకు మూడు నెలల అద్దె బాకీ పడింది. కొత్త హోటల్లో గదుల అద్దాలకు ఈ ఫ్రేములు చేసిస్తే షెడ్డు నిలుస్తుంది, లేకపోతే తాళం పడుతుంది. ఇందులో చెప్పడానికేముంది?

వీధిలో ఆయన్ని తొంభై అంటారు. చదివిన డిగ్రీ ఒక్కటీ లేకపోయినా చేతిలో తొంభై డిగ్రీలు ఉన్నాయని వేళాకోళం. చేతిపనిలో ఆత్మ ఉంటుందనేవాళ్లు సాధారణంగా చేతిపని చెయ్యరు. తొంభై అలాంటి మాటలు ఏనాడూ అనలేదు. మిషనుకు డబ్బుల్లేవు కనుక దాని పనిని ఒక చెక్కతో చేయించాలనుకున్నాడు, అంతే.

ఎండి రాయిలా అయిన టేకు పలక తీశాడు. దాని మీద కుడికొకటి, ఎడమకొకటి పట్టీలు బిగించాలి. ఫ్రేము కర్రను పట్టీకి ఆనించి కోస్తే కొస నలభై అయిదు డిగ్రీలకు తెగుతుంది. రెండు పట్టీల మధ్య మాత్రం సరిగ్గా తొంభై ఉండాలి. రంపాల్లో రేకు పలచనిది ఎంచుకున్నాడు. మందం రంపం గీతను మింగేస్తుంది. చిత్రికకు పదును పెట్టి ముంజేతి వెంట్రుకల మీద చూసుకున్నాడు. మేకులు కొట్టకుండా మరలు వాడాడు, తేడా వస్తే జరుపుకోవచ్చని. మూల తొంభైకి ఉందో లేదో చూసే మూలమట్టం, తనకు పని నేర్పిన గురువుగారిది, పెట్టి చూస్తే వెలుతురు చార కూడా దూరలేదు.

కోత మొత్తం అయ్యాకే కూర్పు. అది ఆయన పద్ధతి. రెండు వందల నలభై కర్రలు అయిదు రోజుల్లో కోశాడు.

మొదటి ఫ్రేముకు మూడు మూలలూ ముద్దుగా కలిశాయి. నాలుగోది నోరు తెరిచింది, రూపాయి బిళ్ల దూరేంత. భార్యను గట్టిగా నొక్కమన్నాడు. ఆమె నొక్కితే అది మూసుకుంది, మొదటిది విడిపోయింది. రెండో ఫ్రేమూ అంతే, మూడోదీ అంతే. ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది.

వాడొచ్చి పట్టీల వంక చూడనే లేదు. మూలమట్టం తీసుకుని, పలక అంచుకు ఆనించి ఒక గీత గీశాడు. దాన్నే తిరగేసి, అదే చుక్క నుంచి ఇంకో గీత గీశాడు. మట్టం సరైనదైతే రెండూ ఒకే గీత కావాలి; ఇవి ఒక్కచోట బయల్దేరి, పోనుపోను దూరమయ్యాయి.

“ఈ మట్టం ఎప్పుడు కింద పడింది?”

“పోయిన వానల్లో. గోడ మేకు ఊడి.”

“తిరగేసి చూడమని నాకు నేర్పింది నువ్వే కదా బావా.”

“గురువుగారిదిరా అది. దాన్నెలా అనుమానిస్తాను?”

ఆ మూలమట్టంతో పెట్టిన పట్టీలను ఆ మూలమట్టంతోనే సరిచూసుకున్నాడు. తప్పు తనకు తానే సాక్ష్యం చెప్పింది. మళ్లీ కోద్దామంటే కర్ర పొట్టిదవుతుంది, అద్దాలు అప్పటికే కొలతకు తెగి ఉన్నాయి. ఆర్డరు వేరే మిషను షాపుకు పోయింది. నెలాఖరున షెడ్డుకు తాళం పడింది.

తొంభై ఇప్పుడు బావమరిది షాపులో కోసిన కర్రలు పేరుస్తాడు. మిషను మీద డిగ్రీలు అచ్చువేసి ఉంటాయి. ఎవరూ ఆయన్ని అడగనక్కర్లేదు. వంకర మూలమట్టం ఇంట్లో గోడకే ఉంది. పాడైన ఆ కర్రకు కలప డిపోకు ఇంకా ఇరవై మూడు వేలు బాకీ.