అందుకునేవాళ్ల వంతు

2003 మార్చిలో సారపాక దగ్గర అడవి వంటలు, ఆటపాటల పండుగ ఒకటి జరిగింది. దాన్ని రికార్డు చేసే డ్యూటీ నాకు పడింది. అంతకు కొన్ని నెలల ముందే ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్‌గా ప్రమోషన్ ఇచ్చి నన్ను ఆ అడవి అంచు రేడియో కేంద్రానికి పంపారు. పేరు పెద్దదే గానీ, పని మాత్రం మనుషులను వెతకడం, వాళ్ల గొంతు రికార్డు చేయడం, దాన్ని బాగుచేసి ప్రసారానికి అప్పగించడం. మా ఆయన పోయాక వచ్చిన మొదటి పోస్టింగ్ అది. సాయంత్రం క్వార్టర్ తాళం తీసి లోపలికి వెళితే పలకరించేది రేడియో ఒక్కటే. అందులోనూ సగం రోజులు నా గొంతే వినిపించేది. నా గొంతు నాకే విసుగొచ్చి కట్టేసేదాన్ని.

పండుగ మైదానంలో ఒక పక్క వంటల పందిళ్లు, ఇంకో పక్క స్టేజీ. జొన్న అంబలి, చింతచిగురు కూర, ఇప్పపువ్వు కుడుములు విస్తరాకుల్లో పెడుతుంటే పట్నం నుంచి వచ్చినవాళ్లు ఎగబడి తింటున్నారు. స్టేజీ మీద కొమ్ముల తలపాగాలు, డోళ్లు. అంత సందడిలోనూ నాకు ఎవరూ తెలియదు. భుజానికి టేప్ రికార్డర్, చేతిలో మైకు ఉంటే జనం తప్పుకుని దారి ఇస్తారే తప్ప మాట కలపరు.

కళాకారులు కూర్చున్న చోట ఒక ముసలమ్మ విడిగా కనిపించింది. పేరు ముత్తమ్మ. అడవి లోపలి కోయ గూడెం నుంచి వచ్చింది. మీ బృందం ఏదని అడిగాను.

"మావోళ్లంతా మిరప చేన్లకు పోయిండ్రు. కొడుకు, కోడలు, అందరు. జూలూరుపాడు దిక్కు ఏరుతున్నరంట. గూడెంల పోరగాళ్లు, ముసలోళ్లం ఉన్నం, గంతే."

ఎండాకాలం మొదట్లో ఆ ప్రాంతంలో మిరప ఏరుడుకు గూడేలకు గూడేలే కదిలిపోతాయి. చేన్ల పక్కనే గుడిసెలు వేసుకుని, పని అయ్యేదాకా అక్కడే ఉంటారు. ఆ ఏడాది పువ్వు రాలేనాటికి ఏరుడు అయిపోక, మనుషులు లేక ముత్తమ్మ గూడెంలో కొత్త పండుగే చేయలేదు. కొత్తగా రాలిన ఇప్పపువ్వును దేవరకు పెట్టి, పాట పాడి, ఆ తర్వాతే నోట పెట్టుకునే పండుగ అది. ఆ పాటను ముందు నిలబడి పాడేది ఈమె. సారపాక పండుగ వాళ్ల జీపు వచ్చి రమ్మంటే ఒక్కతే ఎందుకు వచ్చిందో కూడా దాచుకోకుండా చెప్పింది. "రేడియోల ఏస్తరంట గదమ్మా. చేన్ల కాడ మావోళ్లకు రేడియో ఉన్నది. పాట చెవుల పడితె ఈ ఏటి పండుగ జరిగినట్టు." ఆమెకు కావలసింది అదొక్కటే.

స్టేజీ మీద ఆమె ఒక చరణం పాడి ఆగింది. అంతే, ఇక నోరు విప్పలేదు. మరిచిపోయిందనుకుని వ్యాఖ్యాత మైకు అందుకున్నాడు, జనం చేత చప్పట్లు కొట్టించాడు, తరువాతి బృందాన్ని పిలిచాడు. ఆమెను మెల్లగా చేయి పట్టుకుని దింపేశారు. అతణ్ణి తప్పుపట్టలేను. ముందు నేనూ అలాగే అనుకున్నాను.

వంటల పందిళ్ల వెనుక కట్టెల కుప్ప మీద కూర్చుని ఉంటే వెళ్లి, మరిచిపోయావా అవ్వా అని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మరుసుడు ఏంది? నేను అన్నంక ఎనకోళ్లు అందుకోవాలె. వాళ్లు అందుకునెదాక ఆగాలె గద." ఎనకోళ్లు ఇక్కడ లేరు కదా అన్నాను. "ఈడ లేరు. చేన్ల కాడ ఉన్నరు" అంది.

పాట మొత్తం అక్కడే రికార్డు చేశాను. ఆమె ఒక చరణం పాడేది, ఆగేది. పెదవులు కదిలేవి కావు గానీ, వెనుకవాళ్లు పాడడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు కాలితో నేల మీద తాళం వేసేది. మళ్లీ తన చరణం ఎత్తుకునేది. నేను ఎన్నో బృందగానాలు రికార్డు చేశాను. ఖాళీ జాగాను ఎదురుగా పెట్టుకుని అంత నిబ్బరంగా పాడినవాళ్లను చూడలేదు. ఆ ఖాళీల్లో కూడా టేపు ఆపకుండా నడిపించాను.

అసలు చిక్కు కేంద్రానికి వచ్చాక మొదలైంది. రేడియోలో నిశ్శబ్దం అంటే లోపం. కొన్ని క్షణాలు శబ్దం ఆగిందంటే డ్యూటీ రూంలో ఉన్న ట్రాన్స్‌మిషన్ ఎగ్జిక్యూటివ్ దాన్ని అంతరాయంగా రాసి సంజాయిషీ ఇవ్వాలి. అందుకే ఖాళీలున్న టేపును బ్లేడుతో కోసి, అంచులు కలిపి అతికిస్తాం. ఆ పనిలో నాది మంచి చేయి. మా డైరెక్టర్ పాట విని, బాగుందన్నారు, ఖాళీలు తీసేయమన్నారు. లేకపోతే స్టూడియోలో కోరస్ పెట్టి నింపమన్నారు. రెండూ కుదరవన్నాను. ఆ జాగా వేరేవాళ్లదని, వాళ్లు మిరప చేలలో ఉన్నారని చెప్పాను. ఆయన పెన్ను మూత తీసి నాకు అందించి, "రేపు పైనుంచి అడిగితే సంతకం మీది" అన్నారు. పెట్టాను.

సాయంత్రం గ్రామీణ కార్యక్రమంలో వేశాం. పాట మధ్యలో ఆగే చోట్లు వెనుకవాళ్లు అందుకోవడానికని ముందే నేను మైకులో చెప్పాను. అయినా రెండో ఖాళీకే ట్రాన్స్‌మిటర్ దగ్గరుండే ఇంజినీరు ఫోన్ చేశాడు, లైను తెగిందా అని. లేదు, పాట నడుస్తోందన్నాను. ఇంజినీరు ఫోన్ పెట్టేయకుండా పాట అయ్యేదాకా అలాగే ఉన్నాడు.

ఏరుడు అయిపోయి, తొలి వానలు పడ్డాక రికార్డర్ తీసుకుని ముత్తమ్మ గూడేనికి వెళ్లాను. వాళ్లు విన్నారో లేదో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. ముందు ఆమె కోడలు భద్రమ్మ ఎదురైంది. "అవ్, విన్నం మేడం. అందరం గుడిసెల కాడ నిలవడి అందుకున్నం. పక్క చేనోళ్లు సుత ఉరికొచ్చిండ్రు ఏమైందోనని" అని నవ్వింది. పనికి వెంట తీసుకెళ్లిన పెద్ద పిల్లల్లో గొంతు కలపడం రానివాళ్లకు అక్కడే నేర్పారట.

ముత్తమ్మ అరుగు మీద ఇప్పగింజలు పగలగొడుతోంది. కోడలు చెప్పిందంతా అంతకుముందే ఆమెకు తెలుసు. సంతోషమే కదా అవ్వా అన్నాను. "సంతోషమే. మరి నాకు ఇనరాలె గద" అంది. తన పాట వాళ్లకు పోయింది, వాళ్ల పాట తన దగ్గరికి రాలేదు అన్న మాట ఆమె ఫిర్యాదులా అనలేదు. ఇప్పుడు అందరూ ఉన్నారు, ఒకసారి పాడండి, రికార్డు చేస్తానన్నాను. గింజలు పగలగొట్టడం ఆపకుండానే తల అడ్డంగా ఊపింది. వాన పడ్డంక ఆ పాట తియ్యరు, మళ్లీ పువ్వు రాలినప్పుడే, అప్పుడు రమ్మంది.

మళ్లీ పువ్వు రాలే కాలానికి నన్ను వేరే కేంద్రానికి బదిలీ చేశారు. నా తర్వాత వచ్చినావిడకు విషయం చెప్పాను. వెళ్లారో లేదో తెలియదు. ముత్తమ్మ వాళ్ల పాటను పూర్తిగా, రెండు వైపులా నేను ఇప్పటిదాకా వినలేదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఖాళీని కోసే ముందు అది ఎవరి వంతో కనుక్కున్నాను. రేడియో అవతలివాళ్లకు గొంతును చేరుస్తుంది. వాళ్ల జవాబును తెచ్చి ఇవ్వడం దానికి చేతకాదు. ఆ పని కోసం మనిషే వెళ్లాలి, అదీ పాట ఉన్న కాలంలోనే వెళ్లాలి.